ఉరిశిక్ష ఉండాలా, వద్దా? శిక్ష మీద వాదన జరిగే ఆ అరగంట దగ్గర నుంచి మొదలుపెడదాం

ఉరిశిక్ష ఉండాలా, వద్దా అని మీరడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. పసిపిల్లని పాడుచేసి చంపినవాణ్ణి ప్రభుత్వం చంపితే తప్పేమిటి? కోర్టు ఉరి వేశాక కూడా ఏళ్ళకేళ్ళు ఎందుకు నాన్చుతారు? మిగతా దేశాలు ఒక్కొక్కటే వదిలేస్తుంటే మనం ఎందుకు పట్టుకుని కూర్చున్నాం? నేను చాలాకాలంగా సెషన్స్ కోర్టుల్లోనూ హైకోర్టులోనూ క్రిమినల్ కేసులు చూస్తున్న లాయర్ని. ఎక్కువగా ముద్దాయిల తరఫున, కొన్నాళ్ళు ప్రాసిక్యూషన్ వైపు పనిచేశాను. నా అభిప్రాయం దాచుకోను. కానీ దానికంటే ముందు అవతలివైపు వాదనలో బలం ఎక్కడుందో చెప్పాలి. ఉరి వద్దనేవాళ్ళు చాలామంది ఆ పని చేయకుండా దాటేస్తారు.

ఘోరం జరిగిన ఇంట్లో కూర్చుని, ఆ తల్లితో "పగ మంచిది కాదమ్మా" అని ఎవరూ అనలేరు. అనకూడదు కూడా. నా బిడ్డ ప్రాణానికి మీ చట్టం ఎంత విలువ కట్టిందో చూపించండి అని ఆమె అడుగుతోంది. శిక్ష నేరానికి తూగాలనుకోవడం అనాగరికం ఏమీ కాదు. తూగదని జనానికి అనిపించిన రోజున చట్టం మీద నమ్మకం పోయి, ఎవరి కత్తి వాళ్ళు పట్టుకుంటారు. జర్మన్ తత్వవేత్త కాంట్ ఈ వాదనను చివరి అంచు దాకా తీసుకెళ్ళాడు. ఒక ద్వీపంలోని జనమంతా ఇక కలిసి ఉండొద్దనుకుని తలో దారీ వెళ్ళిపోతున్నా సరే, జైల్లో మిగిలిన ఆఖరి హంతకుణ్ణి ఉరితీశాకే కదలాలన్నాడు. ఆ ఉరి వల్ల ఎవరికీ లాభం ఉండదు, అయినా బాకీ బాకీయే అని ఆయన లెక్క. దీనికి గణాంకాలతో జవాబు చెప్పలేం, ఎందుకంటే ఆ వాదన లాభనష్టాల మీద నిలబడింది కాదు.

ఇదంతా పడమటి దేశాల నుంచి వచ్చిన చర్చ అనుకునేవాళ్ళకు మహాభారతంలోని శాంతిపర్వం గుర్తుచేస్తాను. వధకు తీసుకెళ్తున్న మనుషులను చూసి సత్యవంతుడు, అంటే సావిత్రి భర్తే, తండ్రి ద్యుమత్సేనుడితో వాదానికి దిగుతాడు. ఒక దొంగను చంపితే అతని మీద బతికే భార్య, తల్లిదండ్రులు, పిల్లలు కూడా చచ్చినట్టే కదా అంటాడు. చెడ్డవాడు కూడా మారొచ్చు, చెడ్డవాడి కడుపున మంచివాడు పుట్టొచ్చు అంటాడు. తండ్రి ఒప్పుకోడు. ఒకప్పుడు ఛీ అంటే సరిపోయేది, తర్వాత జరిమానా చాలింది, ఇప్పటి మనుషులకు అవేవీ చాలవు, దొంగను చంపకపోతే మంచికీ చెడుకీ హద్దే ఉండదు అంటాడు. మన టీవీ చర్చల్లో ఈ ఇద్దరూ అనని కొత్త మాట ఏదైనా వినబడుతుందేమోనని అప్పుడప్పుడూ చూస్తుంటాను.

"ఉరి ఉంటే భయం ఉంటుంది" అన్న వాదన మీద ఎక్కువసేపు ఆగను. అమెరికాలో దశాబ్దాలుగా వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2012లో ఒక నివేదిక ఇచ్చింది. ఉరి వల్ల హత్యలు తగ్గుతాయనో, పెరుగుతాయనో, తేడా ఉండదనో ఆ పరిశోధనల నుంచి తేల్చలేమని, విధానాలు తయారుచేయడానికి వాటిని వాడొద్దని అందులో ఉంది. కెనడా 1976లో ఉరిశిక్ష రద్దు చేసింది, ఆ తర్వాతి దశాబ్దాల్లో అక్కడ హత్యల రేటు పెరగలేదు, తగ్గింది. తగ్గడానికి వేరే కారణాలుండొచ్చు, కానీ ఆకాశమేమీ విరిగిపడలేదు. 1764లోనే బెకారియా అనే ఇటలీ ఆయన ఒక మాట చెప్పాడు, శిక్ష ఎంత కఠినం అన్నదానికంటే ఎంత ఖాయం అన్నదే మనిషిని ఆపుతుందని. నేను చూసిన ముద్దాయిల్లో కోపంలో చేసినవాళ్ళు శిక్ష గురించి ఆలోచించలేదు, ప్లాన్ చేసి చేసినవాళ్ళు దొరకమనుకున్నారు. ఇంకో చిక్కు కూడా ఉంది. అత్యాచారానికీ హత్యకీ ఒకే శిక్ష పెడితే, సాక్షి అయిన ఆ అమ్మాయిని బతకనిచ్చే కారణం నేరస్తుడికి ఒకటి తగ్గిపోతుంది. 2013లో జస్టిస్ వర్మ కమిటీ అత్యాచారానికి ఉరి సిఫారసు చేయలేదు. అయినా ఆ ఏడాది చట్టంలోకి ఉరి వచ్చింది, 2018లో పన్నెండేళ్ళలోపు పిల్లల కేసులకూ వచ్చింది.

ఇక చట్టం. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, మీ రెండో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో హత్యకు ఉరే మామూలు శిక్ష. జడ్జి ఉరి వేయకపోతే, ఎందుకు వేయలేదో రాయాల్సి వచ్చేది. 1955లో సవరణ చేసి ఆ నిబంధన తీసేశారు. 1973 కోడ్ దాన్ని పూర్తిగా తిరగేసింది. యావజ్జీవమే మామూలు, ఉరి వేస్తే మాత్రం ప్రత్యేక కారణాలు రాయాలి. పాత కోడ్‌లో 354(3) సెక్షన్ అది, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 393(3). అంటే బరువు ఒకవైపు నుంచి రెండోవైపుకి మారింది. ఆ మార్పును ముందుగా పట్టుకున్న తీర్పుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఈడిగ అనమ్మ కేసే. 1974లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆమె వయసు, ఆమె బతుకు, ఉరి నీడలో గడిపిన కాలం అన్నీ చూసి ఉరిని యావజ్జీవంగా మార్చారు.

1980 మే నెలలో బచ్చన్ సింగ్ కేసు వచ్చింది. అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఉరిశిక్ష రాజ్యాంగబద్ధమేనని నలుగురి మెజారిటీతో చెప్పింది. "అత్యంత అరుదైన కేసు" అని మీరు పేపర్లో చదివే మాట అక్కడిదే. ఆ తీర్పులో రెండు షరతులున్నాయి. నేరాన్ని మాత్రమే చూసి సరిపెట్టుకోకూడదు, నేరం చేసిన మనిషినీ చూడాలి. ఆ మనిషి మారే అవకాశం లేదని ప్రభుత్వం సాక్ష్యంతో చూపించాలి, యావజ్జీవం ఏమాత్రం సరిపోదని తేలాలి. ఆ అయిదుగురిలో ఒక్కరే విభేదించారు, జస్టిస్ భగవతి. ఆయన కారణాలు 1982లో వచ్చాయి. ఏ బెంచ్ ముందుకు కేసు వెళ్ళిందన్నదాన్ని బట్టి ప్రాణం ఉండడమో పోవడమో జరుగుతుందని, అది సమానత్వానికి విరుద్ధమని ఆయన వాదన. అప్పట్లో అతిశయోక్తి అన్నారు.

1983లో మచ్చీ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ అయిదు రకాల కేసులు చెప్పింది. చంపిన తీరు, ఉద్దేశం, సమాజం మీద దాని ప్రభావం, చనిపోయినవాళ్ళ సంఖ్య, చనిపోయినవాళ్ళు ఎవరు అన్నవి. ఈ అయిదూ నేరం వైపువే, మనిషి వైపువి కావు. ట్రయల్ కోర్టులకు ఇది చాలా సులువైపోయింది. బచ్చన్ సింగ్ పేరు ఒక పేరాలో రాసి, మచ్చీ సింగ్ లెక్కన ఉరి వేసిన తీర్పులు నేను ఎన్ని చదివానో. శవం ఎలా ఉందో రెండు పేజీలు ఉంటుంది, ముద్దాయి ఎవరో రెండు లైన్లు ఉంటుంది.

ఎందుకలా అంటే, తీర్పు రోజు ఏం జరుగుతుందో చూడాలి. ఉదయం దోషి అని ప్రకటిస్తారు. శిక్ష మీద విడిగా వినాలని చట్టం ఉంది కాబట్టి, మధ్యాహ్నం లంచ్ తర్వాత వింటారు, లేదా మర్నాటికి వేస్తారు. జడ్జి అడుగుతారు, శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని. అప్పుడే దోషి అని విన్న మనిషికి ఆ ప్రశ్న అర్థం కాదు. "నేను చెయ్యలేదు సార్" అంటాడు, లేకపోతే "పిల్లలున్నారు సార్" అంటాడు. లాయర్ లేచి వయసు చిన్నది, మొదటి నేరం, ముసలి తల్లిదండ్రులున్నారు అని చెప్పి కూర్చుంటాడు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ లేచి సమాజం అట్టుడికిపోతోందని చెప్పి కూర్చుంటాడు. అరగంటలో అయిపోతుంది.

ఆ లాయర్‌ని తిట్టకండి. చాలాసార్లు అతను లీగల్ ఎయిడ్ నుంచి వచ్చినవాడు, ఇచ్చే ఫీజు జిరాక్సులకే సరిపోదు. బచ్చన్ సింగ్ తీర్పు అడిగిన సమాచారం తేవాలంటే ఏం చేయాలో ఆలోచించండి. ముద్దాయి ఊరికి వెళ్ళాలి. బడికి వెళ్ళాడా, ఎప్పుడు మానేశాడు, ఎవరి దగ్గర పనికి పెట్టారు, చిన్నప్పుడు తలకి దెబ్బ తగిలిందా, ఇంట్లో తాగి కొట్టేవాళ్ళున్నారా అని అడగాలి. ఇరుగుపొరుగు ఆ ఇంటి పేరెత్తడానికే భయపడుతుంటారు, వాళ్ళతో మాట్లాడించాలి. ఆస్పత్రి కాగితాలు వెతకాలి. మానసిక వైద్యుడు ఒకటికి నాలుగుసార్లు కలిసి చూడాలి. జైల్లో ఎలా ఉంటున్నాడో రికార్డు తెప్పించాలి. ఇది నెలల పని, అందులోనూ లాయర్ చేసే పని కాదు, శిక్షణ ఉన్న సోషల్ వర్కర్లు చేసే పని. మనిషి మారతాడా లేదా అని తేల్చడానికి కావలసిన కాగితం ఒక్కటీ ఫైల్లో లేకుండానే, "మారే అవకాశం లేదు" అని తీర్పులో రాస్తారు.

నేనొక్కణ్ణే ఇలా అంటున్నానని అనుకోకండి. 2009లో బరియార్ కేసులోనూ, 2013లో శంకర్ ఖడే కేసులోనూ సుప్రీంకోర్టే ఒప్పుకుంది, ఉరి ఎవరికి వేయాలన్నదాంట్లో కోర్టుల మధ్య పొంతన లేదని. 2022 మే నెలలో మనోజ్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ ముద్దాయి నేపథ్యం, మానసిక స్థితి గురించిన సమాచారం ట్రయల్ దశలోనే ప్రభుత్వం కోర్టు ముందు పెట్టాలని, జైలు నుంచి నివేదికలు తెప్పించాలని ఆదేశించింది. అదే ఏడాది సెప్టెంబరులో, దోషి అన్న రోజే ఉరి వేయొచ్చా, ముద్దాయికి ఎంత అవకాశం ఇస్తే అది నిజమైన అవకాశం అవుతుంది అన్న ప్రశ్నను అయిదుగురు జడ్జీల ధర్మాసనానికి పంపారు. తమాషా ఏమిటంటే, సెషన్స్ కోర్టులు ఆ 2022లోనే 165 మందికి ఉరి వేశాయి, ఆ రెండు దశాబ్దాల్లో అంత పెద్ద సంఖ్య లేదు.

ఆ 165లో చివరిదాకా నిలిచేవెన్ని? ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ 2016లో ప్రచురించిన అధ్యయనం చూస్తే, 2000 తర్వాతి పదిహేనేళ్ళలో కింది కోర్టులు వేసిన ఉరిశిక్షల్లో సుప్రీంకోర్టు దాకా నిలిచినవి సుమారు అయిదు శాతమే. మిగతావాళ్ళలో కొందరికి శిక్ష తగ్గింది, కొందరు అసలు నిర్దోషులని తేలింది. ఆ అధ్యయనంలోనే, ఉరి పడ్డవాళ్ళలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఆర్థికంగా బలహీనులు. డబ్బున్నవాళ్ళు హత్యలు చేయరని కాదు దీని అర్థం.

పొంతన లేకపోవడం అంటే ఏమిటో ఒక్క కేసు చెబితే చాలు. ఉత్తరప్రదేశ్‌లో ఒకే హత్య కేసులో ముగ్గురికి ఉరి పడింది, ముగ్గురి పాత్రా ఒకటే. ముగ్గురూ వేర్వేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళారు, వేర్వేరు బెంచ్‌ల ముందుకు పడ్డారు. ఒకరి పిటిషన్ కొట్టేశారు. రెండో అతనికి ఉరిని యావజ్జీవంగా మార్చారు. మూడో అతని పిటిషన్ కూడా కొట్టేశారు. మొదటి అతణ్ణి 1981 అక్టోబరు 6న ఉరితీశారు. మూడో అతనికి కూడా అదే దశ వచ్చింది, కానీ ఆఖరి నిమిషంలో మళ్ళీ పిటిషన్ వేశాడు. అప్పుడుగానీ కోర్టు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. 1982లో హర్బన్స్ సింగ్ కేసులో అతని శిక్ష తగ్గించమని రాష్ట్రపతికి సిఫారసు చేసింది. మొదటి అతని విషయంలో చేయడానికేమీ మిగల్లేదు.

రవ్‌జీ కేసు ఇంకో రకం. 1995 డిసెంబరులో సుప్రీంకోర్టు నేర తీవ్రతే చూడాలి, నేరస్తుణ్ణి చూడనక్కర్లేదన్నట్టుగా తీర్పిచ్చి ఉరి ఖాయం చేసింది. 1996 మే నెలలో అతణ్ణి ఉరితీశారు. పదమూడేళ్ళ తర్వాత బరియార్ తీర్పులో, రవ్‌జీ తీర్పు బచ్చన్ సింగ్ చెప్పినదానికి విరుద్ధమని, అది చెల్లదని అదే కోర్టు చెప్పింది. ఈలోపు ఆ తీర్పును పట్టుకుని మరికొందరికి ఉరి ఖాయం చేశారు. 2012లో పద్నాలుగు మంది రిటైర్డ్ జడ్జీలు రాష్ట్రపతికి లేఖలు రాశారు, ఇలా తప్పుగా పడ్డ ఉరిశిక్షలు తగ్గించమని.

ఇవి శిక్షలో పొరపాట్లు. అసలు నేరమే చేయనివాళ్ళ సంగతేమిటి? మహారాష్ట్రలో 2003 నాటి ఒక సామూహిక అత్యాచారం, హత్యల కేసులో సంచార తెగకు చెందిన ఆరుగురిని పట్టుకున్నారు. హైకోర్టు ముగ్గురికి ఉరి ఉంచి, ముగ్గురికి యావజ్జీవం చేసింది. 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికీ ఉరే అంది. 2019 మార్చిలో అదే సుప్రీంకోర్టు కేసు మళ్ళీ విని, ఆరుగురూ నిర్దోషులని వదిలేసింది, ఒక్కొక్కరికి అయిదు లక్షల పరిహారం ఇమ్మంది. జరిగిన నేరం ఎంత ఘోరమో 2009 తీర్పులో చదివితే మీకూ నాకూ ఒళ్ళు మండుతుంది. ఆ మంటే ఆ ఆరుగురి మెడకి చుట్టుకుంది. నేరం ఎంత ఘోరమైతే, ఎవరో ఒకరిని పట్టుకోవాలన్న ఒత్తిడి పోలీసు మీద అంత ఎక్కువ, బెయిల్ రాదు, మంచి లాయర్ దొరకడు, సాక్షులు కూడా పక్కకి తిరగడానికి జంకుతారు. ఉరి వేసేది ఇలాంటి కేసుల్లోనే, తప్పు జరిగే అవకాశం ఎక్కువుండేదీ ఇలాంటి కేసుల్లోనే.

ఇది మన దగ్గరే అనుకోకండి. బ్రిటన్‌లో తిమోతీ ఇవాన్స్ అనే అతణ్ణి 1950లో ఉరితీశారు. అదే ఇంట్లో కింద వాటాలో ఉన్న మనిషి వరస హత్యలు చేశాడని తర్వాత బయటపడింది. 1966లో ఇవాన్స్‌కి క్షమాభిక్ష ఇచ్చారు, చనిపోయిన పదహారేళ్ళకి. జపాన్‌లో ఇవావో హకమాదాకు 1968లో ఉరి పడింది. 2024 సెప్టెంబరులో, ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో, నిర్దోషి అన్నారు. సాక్ష్యంగా చూపిన బట్టలు కల్పించినవని కోర్టే తేల్చింది. అప్పటికి ఆయన మతి చాలావరకు పోయింది. అమెరికాలో 1973 నుంచి ఇప్పటిదాకా ఉరి పడి తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చినవాళ్ళు సుమారు రెండు వందల మంది.

ఇప్పుడు ఆలస్యం గురించి. సెషన్స్ కోర్టు వేసిన ఉరి దానంతటది అమలు కాదు, హైకోర్టు ఖరారు చేయాలి. మా దగ్గర దాన్ని రిఫర్డ్ ట్రయల్ అంటాం. ఇద్దరు జడ్జీలు సాక్ష్యమంతా మొదటి నుంచి చూస్తారు. తర్వాత సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జీలు. తర్వాత రివ్యూ, అంటే ఆ తీర్పునే మళ్ళీ చూడమని అడగడం, 2014 నుంచి ఉరి కేసుల్లో దాన్ని బహిరంగంగా కోర్టు హాల్లోనే వినాలి. తర్వాత క్యూరేటివ్ పిటిషన్, అంటే సుప్రీంకోర్టులో ఆఖరి అవకాశం. దాని తర్వాత గవర్నర్, రాష్ట్రపతి ముందు క్షమాభిక్ష. ఢిల్లీ నిర్భయ కేసు తీసుకోండి. 2013 సెప్టెంబరులో ట్రయల్ కోర్టు ఉరి, 2014 మార్చిలో హైకోర్టు, 2017 మేలో సుప్రీంకోర్టు, 2020 మార్చి 20న నలుగురికి ఉరి. ట్రయల్, హైకోర్టు కలిపి ఏడాదిన్నరలోపే అయిపోయాయి. సుప్రీంకోర్టులో మూడేళ్ళు, ఆ తర్వాత మరో మూడేళ్ళు. చివర్లో ఒక్కొక్కరు ఒక్కో పిటిషన్ వేసి తేదీలు మార్పించుకున్నారని జనానికి కోపం వచ్చింది. ఆ కోపం నాకర్థమవుతుంది. కానీ పైన చెప్పిన ఆరుగురిని బతికించింది ఈ సాగదీతే. 2009లోనే చకచకా ముగించి ఉంటే 2019లో నిర్దోషులని చెప్పడానికి మనుషులుండేవాళ్ళు కాదు.

అన్ని ఆలస్యాలూ మంచివని మాత్రం అనను. క్షమాభిక్ష ఫైలు ఏ కారణమూ లేకుండా సెక్రటేరియట్‌లో ఏళ్ళ తరబడి పడుకోవడం వేరు. లోపల ఉన్నవాడికి అడుగుల చప్పుడు వినిపించిన ప్రతిసారీ టెన్షనే. 2014 జనవరిలో శత్రుఘ్న చౌహాన్ తీర్పులో సుప్రీంకోర్టు, అలాంటి అకారణ జాప్యం జరిగితే ఉరిని యావజ్జీవంగా మార్చాలంటూ పదిహేను మందికి మార్చింది. తిరస్కరించినట్టు తెలియజేశాక ఉరికి కనీసం పద్నాలుగు రోజుల గడువు ఇవ్వాలంది. ఆ గడువు ఊరికే రాలేదు. 2013 ఫిబ్రవరిలో అఫ్జల్ గురును ఉరితీసినప్పుడు కుటుంబానికి స్పీడ్ పోస్టులో పంపిన ఉత్తరం ఉరి అయిపోయాక చేరింది. కొత్త సంహితలో 472 సెక్షన్ క్షమాభిక్ష పిటిషన్ పెట్టుకోవడానికి ముప్ఫై రోజుల గడువు పెట్టింది, ఫైలు కదలికకూ కొన్ని గడువులు పెట్టింది. రాష్ట్రపతి నిర్ణయించాల్సిన గడువు మాత్రం అందులో లేదు.

క్షమాభిక్ష ఎందుకని అడిగేవాళ్ళు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగిన రెండు ఉదంతాలు చూడాలి. ఆదిలాబాద్ రైతాంగ పోరాటంలోంచి వచ్చిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. దేశమంతా అర్జీలు వెళ్ళినా ఆగలేదు. రెండోది చిలకలూరిపేట బస్సు దహనం. 1993 మార్చిలో దోపిడీ కోసం బస్సుకు నిప్పంటించారు, 23 మంది చనిపోయారు. ఇద్దరు దళిత యువకులకు పడ్డ ఉరిని సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. చంపాలనే ఉద్దేశం వాళ్ళకి లేదని, పేదరికంలోంచి వచ్చిన పిల్లలని పౌరహక్కుల సంఘాలు, రచయితలు అర్జీల మీద అర్జీలు పెట్టారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. ఆ 23 కుటుంబాల ముందు నిలబడి ఇది న్యాయమని చెప్పడం కష్టం. నేనైతే చెప్పలేను. అయినా ఆ నిర్ణయం సరైనదే అనుకుంటాను.

ఆలస్యం లేని న్యాయం ఎలా ఉంటుందో 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చూశాం. దిశ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్లో చనిపోయారు, పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు ఆనాటికి మైనర్లని అభిప్రాయపడింది. మైనర్లకు మన చట్టంలో ఉరి లేనే లేదు. అది తేల్చాల్సిన కోర్టు దాకా వాళ్ళు రాలేదు.

"ఉరిశిక్ష రద్దు చేస్తే పద్నాలుగేళ్ళకి బయటికొచ్చేస్తాడు కదా" అన్నది నాకు అన్నిటికంటే ఎక్కువగా వినిపించే అభ్యంతరం. నిజంగా పట్టించుకోవాల్సింది కూడా ఇదే. యావజ్జీవం అంటే చట్టంలో చనిపోయేదాకా. ఉరికి వీలున్న నేరాల్లో పద్నాలుగేళ్ళు నిండకుండా ప్రభుత్వం వదలకూడదు, అంతే. పద్నాలుగు నిండగానే వదలాలని ఎక్కడా లేదు. కానీ జాతీయ పండుగల పేరు చెప్పి, ఎన్నికల లెక్కలు చూసుకుని ప్రభుత్వాలు రెమిషన్, అంటే శిక్షలో తగ్గింపు, పంచిపెట్టడం చూసిన జనానికి ఆ మాట మీద నమ్మకం లేదు. లేకపోవడంలో తప్పూ లేదు. 2008లో శ్రద్ధానంద కేసులో సుప్రీంకోర్టు మధ్యేమార్గం కనిపెట్టింది, రెమిషన్‌కు వీల్లేకుండా ఇరవై, ముప్ఫై ఏళ్ళో, జీవితాంతమో జైలు వేయడం. 2015లో శ్రీహరన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ అధికారం హైకోర్టులకూ సుప్రీంకోర్టుకూ ఉందని మెజారిటీతో ఖాయం చేసింది. సెషన్స్ జడ్జికి మాత్రం లేదు. దాంతో సెషన్స్ జడ్జి ముందు ఇప్పటికీ రెండే దారులు, ఎప్పుడు బయటికొస్తాడో తెలియని యావజ్జీవం, లేదా ఉరి. ఊరంతా రోడ్డు మీదకొచ్చిన కేసులో ఏది రాస్తాడో మీరే ఊహించుకోండి. ఉరిని సమర్థించే మిత్రులకు నేను చెప్పేదొకటే, రెమిషన్ విధానాన్ని నిక్కచ్చిగా చేయమని మాతో కలిసి అడగండి. ఉరి అడిగేవాళ్ళలో సగం మంది కోరుకునేది దాంతో వచ్చేస్తుంది.

మిగతా దేశాల సంగతి క్లుప్తంగా. ప్రపంచంలో మూడింట రెండొంతులకు పైగా దేశాలు చట్టంలోనో ఆచరణలోనో ఉరి వదిలేశాయి. జనం అడిగి వదిలేయించిన చోట్లు చాలా తక్కువ, ఎక్కువచోట్ల మెజారిటీ ఉరి కావాలంటున్నప్పుడే పార్లమెంటో కోర్టో తీసేసింది. దక్షిణాఫ్రికాలో 1995లో రాజ్యాంగ కోర్టు ప్రజాభిప్రాయం ఇందుకు కొలబద్ద కాదని సూటిగా చెప్పింది. మన రాజ్యాంగ సభలో అంబేద్కర్ 1949లోనే మరణశిక్షను రద్దు చేయడమే మంచిదని అన్నారు. ఆ పని పార్లమెంటుకు మిగిలింది, పార్లమెంటు ఇప్పటిదాకా కొత్త నేరాలకు ఉరి చేర్చుకుంటూ పోయింది. లా కమిషన్ 1967లో తన 35వ నివేదికలో ఉంచాలంది. 2015లో 262వ నివేదికలో, ఉగ్రవాదం, దేశం మీద యుద్ధం తప్ప మిగతా అన్నిటికీ తీసేయాలంది.

నా అభిప్రాయం అడిగారు. కొందరు చేసిన పనులకు వాళ్ళకి చావు తగినదేనన్న మాటను నేను కొట్టిపారేయను. కొన్ని ఫైళ్ళు చదివాక నాకూ అలాగే అనిపించింది. కానీ తగినవాణ్ణి ఏరగల చెయ్యి మన దగ్గర లేదు. ఏరుతున్నది అరగంట వాదన, అందిన లాయరు, పడిన బెంచి, ఆ నెలలో పేపర్ల వేడి. కాబట్టి తీసేయాలన్నదే నా మాట.

లా కమిషన్ పెట్టిన ఉగ్రవాద మినహాయింపుతో కూడా నేను ఏకీభవించను. రాజకీయంగా అది తెలివైన రాజీ కావచ్చు. అక్షర్‌ధామ్ గుడి మీద దాడి కేసులో ముగ్గురికి ఉరి పడింది, గుజరాత్ హైకోర్టు ఖాయం చేసింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆ ముగ్గురితో సహా ఆరుగురినీ నిర్దోషులని వదిలేసింది, దర్యాప్తు జరిగిన తీరును తీవ్రంగా తప్పుపట్టింది. వాళ్ళ మీద ఉన్న ముఖ్యమైన సాక్ష్యం పోలీసు కస్టడీలో ఉండగా ఇచ్చినట్టు చెప్పిన ఒప్పుకోలు వాంగ్మూలాలు. మామూలు హత్య కేసులో పోలీసు అధికారి ముందు ఇచ్చిన అలాంటి వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదు. ఉగ్రవాద కేసు కాబట్టి, అప్పటి పోటా చట్టం కింద చెల్లింది.